వంటింటి కాటా: నెల్లూరులో క్యారేజీలు కట్టే నా రివ్యూ

ఈ కాటా కొంటే సరుకుల ఖర్చు తగ్గుతుందని ఎవరన్నా చెబితే నమ్మబాకండి. రూపాయి కూడా తగ్గదు. ఆ రూపాయి ఏ డబ్బాలోంచి పోతోందో మాత్రం చూపిస్తుంది. నాకు కావాల్సిందీ అదే కాబట్టి ఐదుకి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. ఐదోది ఎందుకు ఇవ్వలేదో తర్వాత రాస్తాను, ఆ విషయంలో దీని మీద నాకు బాగానే కోపం ఉంది.

నేనుండేది మూలాపేటలో. ఇంట్లోనే వండి మధ్యాహ్నానికి క్యారేజీలు పంపిస్తాను. ట్రంకు రోడ్డు చుట్టుపక్కల అంగళ్లలో, బ్యాంకుల్లో, ల్యాబుల్లో పనిచేసే పిల్లలే ఎక్కువ. వండే ఓపిక లేని పెద్దవాళ్లు కూడా కొందరున్నారు. అన్నం, పప్పో సాంబారో, ఒక కూర, రసం, పెరుగు. ఆదివారం ముందుగా చెప్పిన వాళ్లకి చేపల పులుసు. మా ఆయన స్కూటీ మీద తిరిగి ఇచ్చొస్తాడు. ఇంట్లో నలుగురికి వండుకునే వాళ్లకి పది గ్రాములు ఒక లెక్క కాదు. నాకు లెక్కే. క్యారేజీకి పది గ్రాముల నూనె ఎక్కువ పడిందంటే నెల తిరక్కుండానే నూనె డబ్బా అడుగు కనిపిస్తుంది.

ముందు వస్తువు సంగతి. తెల్లగా, అరచేయి కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. మీద గుండ్రటి తట్ట, ముందువైపు చిన్న తెర, మూడు బటన్లు. 10 కిలోల దాకా తూస్తుంది, గ్రాము తేడా కూడా చూపిస్తుంది. రెండు పెన్సిల్ సెల్లులు వేయాలి. ఆన్‌లైన్‌లో 350 రూపాయలకి తెప్పించాను. ఇదే బొమ్మ పెట్టి పది పేర్ల మీద అమ్ముతున్నారు, 300 నుంచి 600 దాకా. ఎక్కువ పెడితే స్టీలు తట్ట వస్తుంది, అంతకు మించి ఏమీ రాదు.

కొత్త కాటా నిజం చెబుతోందా లేదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పది రూపాయల బిళ్ల బరువు 7.71 గ్రాములు. అలాంటివి 10 పేర్చి పెడితే 77 చూపించాలి. చూపించింది. కొలత గ్లాసుతో లీటరు నీళ్లు పోసి పెట్టాను, 998 వచ్చింది. ఆ 2 గ్రాముల తప్పు కాటాదో గ్లాసుదో నాకు అక్కర్లేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. అంగట్లో వాడే ఎలక్ట్రానిక్ కాటాని తూనికలు కొలతల శాఖ వాళ్లు ఏడాదికోసారి చూసి ముద్ర వేయాలి. దీనికి ఆ ముద్ర ఉండదు. కాబట్టి దీన్ని సంచిలో వేసుకుని అంగడి ముందుకు పోయి గొడవ పెట్టుకుంటే చెల్లదు. మన అనుమానం మనం తీర్చుకోవడానికే.

వచ్చిన రోజే మా పాప ఇంట్లో ఉన్న పొట్లాలన్నీ వరసబెట్టి తూచింది. లోపలి సరుకు ఒకసారి, ఖాళీ కవర్ ఒకసారి. ఏ కంపెనీ పొట్లమూ తక్కువ తూగలేదు. 5 రూపాయల బిస్కెట్ పొట్లంలో రాసినదానికి ఇంకో గ్రాము ఎక్కువే ఉంది. టీ పొడి సరిగ్గా ఉంది. చక్కెర 2 గ్రాములు ఎక్కువ. పాప మొహం వాడిపోయింది. ఎవరో ఒకరు పట్టుబడతారని ఆశపడింది పాపం.

సబ్బు దగ్గర మాత్రం దానికి ఉత్సాహం వచ్చింది. 100 గ్రాములని ఉన్నది 95 తూగింది. అట్ట తిప్పి చూస్తే, అది ప్యాక్ చేసినప్పటి బరువని సన్న అక్షరాల్లో ఉంది. సబ్బులో తడి ఆరేకొద్దీ బరువు తగ్గుతుంది, కాబట్టి అట్లా రాసుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. మిగతా సరుకులకీ కొంత సడలింపు ఉంది. 50 గ్రాముల లోపు పొట్లంలో 9 శాతం దాకా, అర కిలో నుంచి కిలో దాకా ఉన్న పొట్లంలో 15 గ్రాముల దాకా తగ్గితే ఆ ఒక్క పొట్లాన్ని చూపించి తప్పు పట్టలేం. కిలో పప్పు ప్యాకెట్ 988 చూపించగానే 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయబాకండి.

అసలు బాధ ఉన్న చోట ఈ కాటా నోరు మూసుకుంటుంది. ధర అదే, రంగుల కవర్ అదే, లోపల సరుకు తగ్గింది. తగ్గిన బరువుని కంపెనీ వాడు వెనకాల రాసే ఇచ్చాడు. రాసినంతా లోపల ఉంది కాబట్టి కాటా సరే అంటుంది. పోయిన ఏడు ఎంత ఉండేదో దానికేం తెలుసు? అందుకని నేను ఖాళీ అట్టలు, కవర్లు కొన్ని పారేయకుండా వంటింటి తలుపు వెనక మేకుకి గుచ్చి పెడుతున్నాను. కరెంటు బిల్లులు గుచ్చుకునే మేకు అది. గిన్నెలు తోమే సబ్బు అట్టలు రెండున్నాయి దానికి. పాతదాని మీద 155 గ్రాములు, తర్వాతి దాని మీద 135. రెంటి మీదా 10 రూపాయలే. ఆ 155 గ్రాముల్ని ఉంచి రేటు పెంచి ఉంటే 11 రూపాయల 48 పైసలు చేయాల్సి వచ్చేది. 11న్నర అంటే మనం అంగట్లో నిలబడి అడుగుతాం. 20 గ్రాములు పోతే గిన్నెలు తోమేటప్పుడు, అదీ నెలాఖర్న తెలుస్తుంది, అప్పుడు అడగడానికి ఎవరూ ఉండరు.

ఇదివరకు ఇంత ఇష్టారాజ్యం లేదు. బిస్కెట్లు, టీ, కాఫీ, నూనె, పప్పులు, ఉప్పు, సబ్బులు, ఇట్లాంటి 19 రకాల సరుకుల్ని ఇన్నిన్ని గ్రాముల పొట్లాల్లోనే అమ్మాలని ఒక జాబితా ఉండేది. ప్యాకెట్ సరుకుల నిబంధనల్ని 2021లో మార్చినప్పుడు ఆ జాబితాని ఎత్తేశారు, 2022లో అది అమల్లోకి వచ్చింది. దానికి బదులు గ్రాముకి ఎంత పడుతుందో కవర్ మీద వేయమన్నారు. యూఎస్‌పీ అని ఎమ్మార్పీ పక్కనే ఉంటుంది చూడండి. వంద మందిలో ఎంతమంది చూస్తారో మీకే తెలుసు.

చూసినా దాంట్లో ఒక చిక్కుంది. మా చిల్లర అంగట్లో సన్‌ఫ్లవర్ నూనె కవర్లు రెండు పక్కపక్కనే వేలాడుతున్నాయి. ఒకటి 155, ఇంకోటి 149. ఎవరి చేయి అయినా 149 మీదికే పోతుంది. లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది. 155ది లీటరు. 149దాన్ని తిప్పి చూస్తే 850 గ్రాములని ఉంది, అంటే లీటరుకి 65 మిల్లీలీటర్ల పైన కోత. కిలో లెక్కకి తెస్తే మొదటిది 170 రూపాయలు, రెండోది 175. చవకదే ప్రియం. కవర్ల మీద యూఎస్‌పీ చూస్తే ఒకదాని మీద గ్రాముకి 0.17, ఇంకోదాని మీద 0.18 ఉంది. సరే, ఇక్కడ తేడా తెలిసింది. కానీ కిలోకి తక్కువున్న పొట్లానికి గ్రాము లెక్కనే వేస్తారు, అదీ దగ్గరి పైసకి సవరించి. అంటే కిలో 166 పడే నూనె మీదా, 174 పడే నూనె మీదా ఒకే 0.17 ఉంటుంది. కిలోకి ఎనిమిది రూపాయలు ఆ పైసలో కలిసిపోతాయి. 100 గ్రాములకి ఇంత అని వేయించి ఉంటే మాలాంటి వాళ్లకి లెక్క తేలిగ్గా ఉండేది. ఇప్పుడు నేను ఫోన్‌లో ధరని గ్రాములతో భాగించి, వెయ్యితో గుణించి చూసుకుంటున్నాను. మా అంగడి ఆయన మొదట్లో నవ్వేవాడు.

నూనె సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. 2024 సెప్టెంబరులో పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ ముడి నూనెల మీద అసలు దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. 2025 మే చివర్లో దాన్ని 10కి దించారు. ఎక్కేటప్పుడు మర్నాడే ఎక్కింది. దిగేటప్పుడు మాత్రం పాత స్టాకు అయిపోవాలన్నారు. అన్నట్టు ఈ కాటాలో మిల్లీలీటర్లు చూపించే బటన్ కూడా ఉంది. దాన్ని ముట్టుకోబాకండి. ఏది పోసినా నీళ్లే అనుకుంటుంది. లీటరు నూనె పోస్తే 910 మిల్లీలీటర్లని చెప్పి మన మీద మనకే అనుమానం తెప్పిస్తుంది.

ఉన్నమాట చెప్పాలి కాబట్టి ఇదీ రాస్తున్నా. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, ఒంటి సబ్బులు, టూత్‌పేస్టు లాంటివాటి మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కి తగ్గింది. ఆ తర్వాత మా ఇంటికి వచ్చిన 5 రూపాయల పొట్లాల్లో కొన్నిట్లో గ్రాములు పెరిగాయి. మేకుకి గుచ్చిన కవర్లలో పైన ఉన్నవి కింద ఉన్నవాటి కంటే బరువైనవి కావడం అదే మొదటిసారి.

కాటా పెట్టుబడి తిరిగొచ్చేది విడి సరుకుల దగ్గర. నెలకి సరిపడా పప్పులు, మిరపకాయలు, చింతపండు స్టోన్‌హౌస్‌పేటలో హోల్‌సేల్ అంగట్లో తెస్తాం. మధ్యలో అయిపోయినవి వీధి చివర చిల్లర అంగట్లో. స్టోన్‌హౌస్‌పేట సరుకు ఎప్పుడు తూచినా సరిగ్గా ఉంది, ఐదో పదో గ్రాములు మొగ్గే. వీధి అంగట్లో అర కిలో పెసరపప్పు ఒకసారి 486, ఇంకోసారి మినప్పప్పు 485. చక్కెర కూడా అంతే. ఏ సరుకైనా అటూ ఇటూగా 14 గ్రాములే తక్కువ రావడం చూసి నాకు అర్థమైంది. పోయి నిలబడి, ఆయన సరుకు పోయకముందే కాటా వైపు చూశాను. ఖాళీ స్టీలు గిన్నె మీదే 14 చూపిస్తోంది.

“అన్నా, ఆ గిన్నె బరువు కూడా మాకే అమ్ముతున్నావా ఏంది?” అన్నాను.

ఆయన బటన్ నొక్కి సున్నా చేశాడు. “అయ్యో, చూసుకోలేదక్కా. పొద్దున గిన్నె మార్చినాం,” అన్నాడు. రెండు మూడు వారాల నుంచి మారుస్తూనే ఉన్నట్టున్నారు. పక్కనున్న పెద్దావిడ “ఏందమ్మా, ఏమైంది?” అని అడిగింది, నేను ఆమెకి వివరంగానే చెప్పాను. అప్పట్నుంచి నేను పోతే ముందు సున్నా చూపించి, ఆ తర్వాత పప్పు పోస్తాడు. నేను లేనప్పుడు ఏం చేస్తాడో ఆయనకే ఎరుక. 14 గ్రాముల పెసరపప్పు అంటే రెండు రూపాయలు కూడా కాదు. కానీ ఆ గిన్నెలో రోజుకి ఎన్ని అర కిలోలు పడతాయో!

స్వీటు అంగట్లో ఇంకో రకం. ఊరి నుంచి చుట్టాలొచ్చారని అర కిలో మలై కాజా కట్టించుకొచ్చారు మా ఆయన. తూస్తే అర కిలో సరిగ్గా ఉంది, కాకపోతే అట్టపెట్టెతో కలిపి. పెట్టె ఖాళీ చేసి తూస్తే 68 గ్రాములు. కాజా ధరకి అట్ట కొన్నాం. పెట్టె బరువు తీసేసే తూచాలి, అది మనం అడిగి చేయించుకోవాల్సిన పని. ఇప్పుడు ఆయన “కవర్‌లో తూచి పెట్టెలో వేయండి” అంటున్నాడు, వాళ్లు వేస్తున్నారు. అడిగితే ఎవరూ కాదనరు, అదే విచిత్రం.

చేపలకి కూడా ఇది బాగా పనికొచ్చింది. తట్ట మీద ప్లాస్టిక్ కవర్ పరిచి పెట్టుకోవాలి, లేకపోతే ఆ నీచువాసన ఎన్నిసార్లు తుడిచినా పోదు. కిలో కొరమీను శుభ్రం చేయించి తెస్తే ముక్కలు 690 గ్రాములు వచ్చాయి. క్యారేజీకి రెండు ముక్కలంటే రేటు వేయాల్సింది కిలో మీద కాదు, ఈ 690 మీద. మామిడికాయ, చింతపండు, నూనె ఖర్చు వేరే. పులుసుకి ఆదివారం ఎందుకంత తీసుకుంటావని అడిగేవాళ్లకి ఈ లెక్క చెబుతున్నాను.

బియ్యం బస్తాకి మాత్రం ఇది చాలదు. 2022 జులై 18 నుంచి 25 కిలోలు, ఆ లోపు ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు, అంతకు మించితే లేదు. చూస్తుండగానే బస్తాలన్నీ 26 కిలోలైపోయాయి. మొన్న 5 రూపాయల పొట్లాలు పెరిగేదాకా, నేను చూసిన పెరిగిన పొట్లం అదొక్కటే. బస్తా విప్పి డ్రమ్ములో పోసేటప్పుడు బకెట్టు బకెట్టుగా తూచి కూడుకుంటే 25 కిలోల 930 వచ్చింది, పోనీలే అనుకున్నా. నెల్లూరులో ఉండి బియ్యం కొనుక్కునే ఖర్మేంటని మా అన్న ఎగతాళి చేస్తుంటాడు. పుట్టికి 850 కిలోల లెక్కన వడ్లు అమ్మే ఊళ్లో మేము బకెట్లతో తూచుకుంటున్నాం మరి.

ఇక నా క్యారేజీ. 80 రూపాయలు తీసుకునేదాన్ని. కాటా వచ్చాక ఒకరోజు కట్టిన క్యారేజీని విప్పి గిన్నె గిన్నె తూచాను. అన్నం 420, పప్పు 180, కూర 140, రసం 150, పెరుగు 70. వెనక్కి లెక్కేస్తే బియ్యం 150 గ్రాములు, కందిపప్పు 35, నూనె తాలింపులతో కలిపి 18. ఆ 18 గ్రాములే మూడు రూపాయలు దాటింది. కూరగాయలు, పాలు, గ్యాసు, పెట్రోలు కూడా వేసి చూస్తే నాకు మిగిలేది చెప్పుకుంటే సిగ్గు. రేటు పెంచడమో, గిన్నె తగ్గించడమో, ఏదో ఒకటి చేయాలి.

మా ఆయన రెండోదే అన్నాడు. “కూర 140ని 120 చెయ్యి. గిన్నె అదే కదా, ఎవరు చూడొచ్చారు?”

చేయడం చాలా తేలిక. నేను తూచి చూశాను కూడా. కూర గిన్నెలో 120 గ్రాములు వేసి, గరిటె వెనకతో కొంచెం సర్ది, పైన కొత్తిమీర చల్లితే 140 వేసినట్టే ఉంది. వంకాయ కూర అయితే అసలు తెలియదు, ముక్కలు విడిగా ఉంటాయి కాబట్టి నిండుగా కనిపిస్తుంది. బెండకాయ వేపుడు ఇంకా నయం. ఒక్క కందగడ్డ దగ్గరే దొరికిపోతాం. ఆ గిన్నెలు గట్టు మీద పెట్టుకుని చూస్తుంటే, కంపెనీల్లో కూడా ఎవరో ఒకరు ఇట్లాగే బల్ల మీద రెండు పొట్లాలు పెట్టుకుని చూసి ఉంటారనిపించింది. వాళ్లకి గాలి నింపే మిషన్ ఉంది, నాకు కొత్తిమీర ఉంది.

మా అత్తమ్మ మంచం మీద నుంచే అంతా వింటోంది. “తినేవాడి కడుపుకి కాటా అక్కర్లేదులే, దానికే తెలస్తాది” అంది. ఆమె మామూలుగా నా పక్కన మాట్లాడే మనిషి కాదు.

గిన్నె తగ్గించలేదు. అందరికీ వాట్సాప్‌లో పెట్టాను: ఒకటో తేదీ నుంచి క్యారేజీ 90 రూపాయలు, అన్నం, పప్పు, కూర కొలత మారదు, కందిపప్పు వారానికి మూడు రోజులు, మిగతా రోజులు పెసరపప్పు. కొలతలు గ్రాములతో సహా రాశాను. ఇద్దరు మానేశారు. ఒకరు నెల తిరక్కుండా మళ్లీ వచ్చారు. ఇంకో అబ్బాయి రాలేదు, పక్క మెస్సులో 70కే దొరుకుతోందన్నాడు. దొరుకుతుంది. ఆ 70లో కూర ఎంతుందో ఒకసారి తూచి చూడు నాయనా అనబోయి ఊరుకున్నాను. ఆ 70 కూడా వాడి జీతంలోంచే పోవాలి కదా. ఉన్నవాళ్లలో ఒకాయన మాత్రం గ్రాములు రాసినందుకు నన్ను పట్టుకున్నాడు. వాళ్ల ఆఫీసులో ఏదో కాటా ఉందట, కూర 131 వచ్చిందని ఫొటో తీసి పంపాడు. ఆవిరికి పోయిందని చెప్పొచ్చు గానీ, మర్నాడు 150 వేసి పంపాను. కొలత బయటపెట్టాక ఇట్లాంటివి పడాల్సిందే.

కందిపప్పు మీద నాకు ఇంకో దారి ఉంది, అందరికీ ఉండదు. మా పుట్టిల్లు కనిగిరి వైపు. సంక్రాంతి దాటాక అక్కడి నుంచి కందులు తెప్పించి మరలో ఆడిస్తాం. కిలో కందులకి 700 గ్రాముల పప్పు దిగుతుంది, మిగతాది పొట్టు, నూక. పొట్టు మా తమ్ముడి గేదెలకి పోతుంది. 2024-25లో కందుల మద్దతు ధర క్వింటాలు 7,550 రూపాయలు. ఆ లెక్కన పప్పు కిలో 108 పడుతుంది, మర కూలీ, బస్సు చార్జీ కాక. అదే 2024 జులైలో రైతుబజార్లలో ప్రత్యేక కౌంటర్లు పెట్టి, తగ్గించి ఇస్తున్నామంటూ ప్రభుత్వం కిలో 160కి అమ్మింది. బయట అంతకంటే ఎక్కువుంది కాబట్టి దానికే క్యూలు. కందులు పండించిన మా తమ్ముడికీ, పప్పు కొనే నాకూ మధ్య ఇంత దూరం ఎట్టా వస్తుందో ఏ కాటాతోనూ తూచలేం.

ఇప్పుడు ఐదో నక్షత్రం సంగతి. ఈ కాటా రెండు నిమిషాలు కదలిక లేకపోతే తనంతట తనే ఆగిపోతుంది. గిన్నె పెట్టి, సున్నా చేసి, పొయ్యి మీద తాలింపు మాడుతోందని అటు తిరిగి వచ్చేసరికి తెర ఖాళీ. మళ్లీ ఆన్ చేస్తే ఉన్నదాన్నంతా సున్నా అనుకుంటుంది, అంతకుముందు ఎంత వేశామో గాల్లో కలిసిపోతుంది. పొద్దున్నే పది పనుల మధ్య ఇది పెట్టే టెన్షన్ అంతా ఇంతా కాదు. రెండోది, నూనె సన్నటి ధారగా పోస్తే అంకె కదలదు. చిన్న చిన్న మార్పుల్ని కాటా వణుకు అనుకుని పట్టించుకోదు. గబుక్కున పోయాలి, లేదా గిన్నె ఒకసారి ఎత్తి మళ్లీ పెట్టాలి, అప్పుడు నిజం చెబుతుంది. పెద్ద తపేలా పెడితే తెర దాని కింద దాక్కుంటుంది, వంగి టార్చి వేసి చూడాలి. ఇంగువ, మిరియాలు లాంటివి రెండు మూడు గ్రాములు తూద్దామంటే కుదరదు. ఫ్యాను గాలికి కూడా అంకె ఊగుతుంది. వేడి గిన్నె నేరుగా పెట్టకూడదు, చెక్క పలక వేసి పెట్టండి.

సెల్లులు మాత్రం బాగానే వస్తున్నాయి, అంత వాడినా ఇంకా మొదటివే.

కొనాలనుకుంటే 5 కిలోల రకం వద్దు, గిన్నె బరువే రెండు కిలోలు పోతుంది. 10 కిలోలదే తీసుకోండి. తెరలో లైటు ఉన్న రకం ఇంకో యాభై ఎక్కువ, అది పెట్టొచ్చు. ఇంట్లో నలుగురికి మాత్రమే వండేవాళ్లు డబ్బులు దండగ చేసుకోకుండా పాత కవర్లు దాచుకుని, ఫోన్‌లో ధరని గ్రాములతో భాగించుకుంటే చాలు. హోల్‌సేల్‌లో విడి సరుకు తెచ్చేవాళ్లు, పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లు, నాలాగా క్యారేజీలు కట్టేవాళ్లు తీసుకోండి. వచ్చిన రోజే పది రూపాయల బిళ్లలు పెట్టి చూసుకోండి, 77 రాకపోతే డబ్బాతో సహా వెనక్కి పంపించేయండి, వారం లోపే తీసుకుంటారు.